అరవై ఏళ్ల గీత: చైనాలో విదేశీ ఉపాధ్యాయులు

విదేశీయులను ఉద్యోగాలలోకి తీసుకునే విషయంలో చైనా 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా ఒకే రకమైన పని అనుమతి విధానాన్ని అమలు చేస్తున్నది. అంతకుముందు విదేశీ నిపుణులకు ఒక పత్రం, ఇతర ఉద్యోగులకు మరొక పత్రం ఉండగా, ఆ రెండింటినీ కలిపివేసి, వచ్చేవారిని మూడు తరగతులుగా విభజించారు: అత్యున్నత ప్రతిభావంతులు ‘ఎ’ తరగతికి, వృత్తి నిపుణులు ‘బి’ తరగతికి, తాత్కాలిక పనులకు వచ్చేవారు ‘సి’ తరగతికి చెందుతారు. ఇంగ్లీషు వంటి భాషలు బోధించడానికి వచ్చేవారిలో అత్యధికులు చేరేది రెండో తరగతిలోనే. డిగ్రీ, రెండేళ్ల బోధనానుభవం, బోధించే భాష మాతృభాషగా ఉన్న దేశపు పౌరసత్వం వంటి అర్హతలతో పాటు, 2017 నాటి ప్రమాణాలు ఈ తరగతికి సాధారణంగా 60 ఏళ్ల వయోపరిమితి విధించాయి. ‘ఎ’ తరగతికి మాత్రం వయోపరిమితి పెట్టలేదు.

ఈ తేడాలోనే విధానం అసలు స్వభావం బయటపడుతుంది. జీతం, చదువు, అనుభవం, చైనా భాషా పరిజ్ఞానం, వయసు మొదలైనవాటికి మార్కులు వేసి మొత్తం కట్టే పద్ధతి ఒకటి ఇందులో ఉన్నది. 26 నుంచి 45 ఏళ్ల మధ్యవారికి వయసు కింద 15 మార్కులు, 55 ఏళ్ల వరకు 10, 60 ఏళ్ల వరకు 5 వస్తాయి, ఆపైన సున్నా. మొత్తం 85కు చేరినవారు ‘ఎ’ తరగతికి అర్హులు. ఆ ప్రాంతపు సగటు వేతనానికి ఆరు రెట్లు సంపాదించేవారికి ఈ లెక్కతో నిమిత్తం లేకుండానే ఆ తరగతి దక్కుతుంది. అంటే 64 ఏళ్ల కంపెనీ అధికారికి తెరుచుకునే తలుపు అదే వయసున్న భాషోపాధ్యాయునికి మూసుకుపోతుంది. వయసు మీదపడితే సామర్థ్యం తగ్గుతుందన్న అనుమానమే నిబంధనకు మూలమైతే, జీతం పెరగగానే ఆ అనుమానం ఎలా తీరిపోయిందో విధానకర్తలే చెప్పాలి.

స్వదేశీయులకు లేని వెసులుబాటు విదేశీయులకు ఎందుకివ్వాలన్న వాదన పైకి సమంజసంగానే కనిపిస్తుంది. చైనాలో దశాబ్దాల పాటు పదవీ విరమణ వయసు పురుషులకు 60, మహిళలకు ఉద్యోగాన్ని బట్టి 55 లేదా 50 ఏళ్లుగా ఉండేది. ఆ వయసు రాగానే ఉద్యోగ ఒప్పందం ముగిసిపోతుందని 2008 నాటి కార్మిక ఒప్పంద నిబంధనలు చెబుతున్నాయి. అయితే స్థానిక అధ్యాపకుడు విరమణ పొందిన మర్నాడే అదే సంస్థలో, ఉద్యోగిగా కాక సేవలందించే వ్యక్తిగా, కొత్త ఒప్పందంపై తిరిగి చేరవచ్చు. చేరకపోయినా పింఛను వస్తుంది, ఇల్లూ ఊరూ ఎక్కడికీ పోవు. విదేశీయునికి నివాస అనుమతి పని అనుమతిని ఆనుకొని ఉంటుంది గనుక, ఉద్యోగం పోవడమంటే ఆ దేశంలో ఉండే హక్కే పోవడం. పదిహేనేళ్లుగా ఒకే ఊళ్లో పాఠాలు చెప్పిన మనిషికి కూడా ఈ పరిస్థితి రావచ్చు. ఒకే సంఖ్యను ఇద్దరికీ వర్తింపజేసినంత మాత్రాన అది సమానత్వమనిపించుకోదు.

పింఛను లెక్క మరింత చేదైనది. 2011 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం విదేశీ ఉద్యోగులు కూడా సామాజిక బీమాలో చేరాలి. వృద్ధాప్య బీమాకు ఉద్యోగి తన వేతనంలో 8 శాతం, యాజమాన్యం సాధారణంగా 16 శాతం చెల్లిస్తాయి. నెలనెలా పింఛను పొందాలంటే కనీసం 15 ఏళ్లు చందా కట్టి ఉండాలి. ఈ గడువు 2030 నుంచి అంచెలంచెలుగా పెరిగి 20 ఏళ్లకు చేరుతుంది. యాభయ్యో ఏట అక్కడికి వెళ్లిన ఉపాధ్యాయుడు అరవయ్యో ఏట ఆగిపోతే పదేళ్లే పూర్తవుతాయి. తన ఖాతాలో జమ అయిన 8 శాతం వాటాను వెనక్కి తీసుకొని వెళ్లిపోవచ్చు గానీ, యాజమాన్యం తన పేరిట కట్టిన సొమ్ము ఉమ్మడి నిధిలోనే మిగిలిపోతుంది. వయోపరిమితీ, కనీస చందా గడువూ కలిసి, ఆలస్యంగా వచ్చిన వారిని ఇతరుల పింఛను పోషించే దాతలుగా మార్చేశాయి.

యువతకు ఉద్యోగాలు మిగల్చాలన్న వాదనలో బలం తక్కువ. 2023 జూన్‌లో చైనా పట్టణ యువతలో నిరుద్యోగం 21.3 శాతానికి చేరిన మాట నిజమే. కానీ మాతృభాషీయులే బోధించాలని నిబంధన పెట్టిన కొలువుకు స్థానిక యువకుడు ఎలాగూ పోటీదారు కాలేడు. ఆరోగ్య భద్రత గురించిన ఆందోళన మాత్రం అంత తేలికగా కొట్టిపారేయదగినది కాదు: వయసు పెరిగేకొద్దీ బీమా ఖరీదవుతుంది, విరమణ వయసు దాటినవారికి పనిలో ప్రమాదం జరిగితే పరిహారం ఎవరిదన్నది చిక్కుముడి అవుతుంది. దీనికి వైద్యపరీక్ష, యాజమాన్యం కట్టే బీమా, ఏటేటా పునరుద్ధరణ అన్న పరిష్కారాలుండగా తలుపు మూయడం ఒక్కటే మార్గమని ఎంచుకోవడం పాలనా సౌలభ్యమే తప్ప మరొకటి కాదు. ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో బోధిద్దామన్నా, విదేశాలలో ఉన్న విదేశీయులతో పాఠాలు చెప్పించరాదని 2021 జులైలో ట్యూషన్ సంస్థలపై వచ్చిన ఉత్తర్వులు ఆ దారినీ మూశాయి.

చట్టం ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. ఉద్యోగంలో వివక్షను నిషేధించే 1958 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 111వ ఒప్పందంలో జాతి, లింగం, మతం వంటి కారణాలున్నాయి గానీ వయసు లేదు. చైనా సొంత ఉపాధి ప్రోత్సాహక చట్టం వివక్షకు కారణాలుగా పేర్కొన్నవాటిలోనూ లేదు.

విరమణ వయసు విద్వత్తును బట్టి కాక ప్రభుత్వాల అవసరాన్ని బట్టి కదులుతుందన్నది తెలుగు పాఠకులకు కొత్త సంగతి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో అది 1983లో 58 నుంచి 55కు దిగి, తిరిగి 58కి ఎక్కి, 2014లో 60కి, 2022లో 62కి చేరింది. తెలంగాణలో 2021లో 61 అయింది. చైనా కూడా 2025 జనవరి 1 నుంచి తన పౌరుల విరమణ వయసును పదిహేనేళ్లలో పురుషులకు 63కు, మహిళలకు 58 లేదా 55కు చేర్చే మార్పును మొదలుపెట్టింది. స్వదేశీయుడు 63 ఏళ్ల దాకా పనిచేయగలడని ఒప్పుకున్న ప్రభుత్వం విదేశీ ఉపాధ్యాయునికి పాత గీతనే చూపించడం న్యాయం కాదు. అరవై దాటినవారికీ పాఠశాల సిఫారసు, వైద్య ధ్రువపత్రం ఆధారంగా ఏడాదికోసారి అనుమతి ఇవ్వాలి. అంతవరకు, యాభై దాటాక ఏ దేశంలోనైనా బోధనకు ఒప్పుకునే తెలుగు ఉపాధ్యాయులు అనుమతి ఏ వయసు వరకు పునరుద్ధరణ అవుతుందో, కట్టిన చందాలో ఎంత తిరిగి వస్తుందో సంతకానికి ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.