యజమాని పొగ, సారథి మౌనం

పైలట్ ఉద్యోగం అనగానే మన విద్యార్థుల కనులకు కట్టేది తెల్లని చొక్కా, భుజాలపై బంగారు పట్టీలు, అంతులేని ఆకాశం. కంపెనీ సొంత విమానం నడిపే ఉద్యోగమైతే ఇక చెప్పనక్కరలేదు. కోటీశ్వరులతో సహవాసమని భ్రమ. ఆ కొలువు యథార్థరూపం తెలియాలంటే ఒక చిన్న ప్రశ్న చాలునని నా అభిప్రాయం. విమానంలో యజమాని చుట్ట వెలిగిస్తే పైలట్ ఏమనగలడు?

విమానంలో నిప్పు హాస్యానికి తగిన వస్తువు కాదు. 1973 జూలై 11న రియో డి జనీరో నుండి పారిస్ వస్తున్న వారిగ్ సంస్థ బోయింగ్ 707 విమానం వెనుక భాగాన, మరుగుదొడ్డిలో మంటలు లేచినవి. పైలట్లకు ఎదుటనున్న పరికరాలు సైతం కనరానంతగా పొగ కమ్మినది. ఓర్లీ విమానాశ్రయం ఇంకా 5 కిలోమీటర్ల దూరముండగానే వారు విమానాన్ని పొలంలో దింపినారు. 134 మందిలో 123 మంది మరణించినారు. బతికిన 11 మందిలో ప్రయాణికుడు ఒక్కడే, తక్కినవారు సిబ్బంది. చెత్తపెట్టెలో పడిన సిగరెట్టు ముక్క కారణమై ఉండవచ్చునని తలచినారు. ధూమపానం నిషిద్ధమైన ఈ రోజులలో కూడ విమానపు మరుగుదొడ్డి వద్ద బూడిదపెట్టె అమర్చుతారు. వింతగా తోచవచ్చును గాని అందులో లోకజ్ఞానమున్నది. నిషేధాన్ని మీరేవాడు ఉండనే ఉంటాడు. వాని సిగరెట్టు కాగితాలలో పడరాదు.

అమెరికాలో 1988లో రెండు గంటలలోపు ప్రయాణాలకు, 1990లో దేశీయ ప్రయాణాలలో దాదాపు అన్నిటికి, 2000లో విదేశ ప్రయాణాలకు నిషేధం వచ్చినది. అయితే అది ప్రధానంగా టిక్కెట్టు కొని ఎక్కే విమానాలకు. కంపెనీ తన అధికారుల కోసం ఉంచుకొన్న విమానంలో యజమాని ఇష్టమే చట్టం. చిన్న జెట్ విమానంలో ఆయన కుర్చీకీ పైలట్ కుర్చీకీ నడుమ దూరం నాలుగడుగులే. పొగలోని కార్బన్ మోనాక్సైడు రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది. రాత్రివేళ, ఎత్తున, మొదట మందగించేది చూపు. నిబంధనావళి ప్రకారం విమానంలో తుది అధికారం పైలట్‌దే. కాని ఆ అధికారికి జీతమిచ్చేవాడు వెనుక కూర్చున్నవాడు!

ఈ పైలట్ సామాను మోస్తాడు, కాఫీ సిద్ధం చేస్తాడు, కుర్చీలు తుడుస్తాడు. అందులో అవమానమేమీ లేదు. యజమాని సమావేశం ముగిసేదాకా విమానాశ్రయంలో పడిగాపులు పడి, అర్ధరాత్రి తిరుగు ప్రయాణం కట్టవలసి రావడమే కష్టం. అమెరికాలో పెద్ద విమాన సంస్థల పైలట్లకున్న పనిగంటల పరిమితి వీరికి వర్తించదు. కొలువుకూ భరోసా లేదు. 2008 నవంబరులో మోటారు కంపెనీల అధిపతులు ముగ్గురు ప్రభుత్వ సహాయం అర్థించుటకు సొంత విమానాలలో వాషింగ్టన్ వెళ్ళి నవ్వులపాలైనారు. మరుసటి నెలలోనే ఫోర్డ్ సంస్థ తన 5 విమానాలను అమ్మివేస్తానన్నది. విమానం పోతే పైలట్ ఏమి నడుపుతాడు?

చుట్ట విషయంలో నోరు విప్పలేనివాడు మంచు కురిసేనాడు విప్పగలడా? 2001 మార్చి 29న లాస్ ఏంజిలిస్ నుండి ఒక అద్దె జెట్ కొలరాడో కొండలలోని ఆస్పెన్‌కు బయలుదేరినది. ప్రయాణం ఆలస్యమైనది, అక్కడ చీకటి పడిన తరువాత దిగరాదు. మరొక చోట దిగవలసి రావచ్చునని విని, విమానం మాట్లాడుకొన్న పెద్దమనిషి ఆగ్రహించినాడు. ఆ సంగతి పైలట్ చెవిన పడినది. విమానం రన్‌వే చేరకముందే నేలకూలి 18 మంది మరణించినారు. కారణాలలో ఆ ఒత్తిడిని కూడ దర్యాప్తు సంఘం పేర్కొన్నది. అది అద్దె విమానం కనుక కోపం కబురుగా వచ్చినది. సొంత విమానంలో కబురెందుకు, గొంతే వినబడుతుంది.

కంపెనీ విమానాలకు కూడ ధూమపాన నిషేధం, విశ్రాంతి నియమం వర్తింపజేయాలని నా వాదం. గోడపై పలక ఉంటే పైలట్ యజమానితో వాదించనక్కరలేదు. వేలు చూపితే చాలును. అది వచ్చేలోగా, ఇటువంటి కొలువు కోరే యువకుడు జీతమెంతయని అడిగేముందు మరొకటి విచారించాలి: వాతావరణం బాగులేదని కడపట అడ్డుచెప్పిన పైలట్ ఇంకా ఆ కంపెనీలోనే ఉన్నాడా?