మినీ పీసీ తర్వాత కొనొచ్చు, ముందు రివర్స్ ప్రాక్సీ నేర్చుకోండి

ఈమధ్య నా ఫ్రెండ్స్‌లో ఎవరిని కదిపినా హోమ్ సర్వర్ గోలే. గూగుల్ ఫోటోస్‌లో ఉచిత అన్‌లిమిటెడ్ బ్యాకప్ 2021 జూన్ 1తో ఆగిపోయింది. 15 జీబీ నిండాక చాలామంది చూపు ఇమ్మిచ్, నెక్స్ట్‌క్లౌడ్, జెల్లీఫిన్ లాంటి సెల్ఫ్ హోస్టింగ్ యాప్స్ మీద పడింది. ఆ తర్వాత అందరూ అడిగేది ఒకటే: "రాస్ప్‌బెర్రీ పై తీసుకోవాలా, మినీ పీసీ తీసుకోవాలా?" నా అభిప్రాయం సూటిగా చెప్తా. ఏది కొన్నా పర్లేదు. ఆ బాక్స్‌కి ముందు ఎలాంటి గుమ్మం పెడుతున్నారన్నదే అసలు సంగతి.

ఎక్కువమంది చేసేది ఇదీ. ఇమ్మిచ్‌కి 2283, జెల్లీఫిన్‌కి 8096, హోమ్ అసిస్టెంట్‌కి 8123. రౌటర్‌లోకి వెళ్లి వరసగా పోర్టులు ఫార్వర్డ్ చేసేస్తారు. మొబైల్ డేటాలో ఓపెన్ అవ్వగానే పని అయిపోయిందనుకుంటారు. కానీ అలా వదిలిన యాప్ మామూలు హెచ్‌టీటీపీలోనే నడుస్తుంటుంది. అంటే మీ పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్షన్ లేకుండా వెళ్తుంది. పైగా ఓపెన్ పోర్టుల కోసం ఇంటర్నెట్ అంతా తిరిగే బాట్‌లకు పగలూ రాత్రీ తేడా ఉండదు. అక్కడ ఉన్నవి మీ ఇంట్లోవాళ్ల ఫోటోలు.

రివర్స్ ప్రాక్సీ అంటే అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ అనుకోండి. గేటు ఒక్కటే, అది 443 పోర్ట్. వచ్చినవాణ్ని "ఏ ఫ్లాట్‌కి?" అని అడిగి అక్కడికి పంపుతాడు. ఇక్కడ ఫ్లాట్ నంబర్ అంటే డొమైన్ పేరు. "ఫోటోస్" సబ్‌డొమైన్ అడిగితే ఇమ్మిచ్‌కి, "మూవీస్" అడిగితే జెల్లీఫిన్‌కి. ఐపీ ఒకటే, పేర్లు వేరు. దీన్నే వర్చువల్ హోస్ట్ అంటారు.

ఇదేం కొత్త మ్యాజిక్ కాదు. 1997లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1లో హోస్ట్ హెడర్‌ని తప్పనిసరి చేశారు. బ్రౌజర్ తాను ఏ సైట్ కోసం వచ్చిందో పేరుతో సహా చెప్పాలి. హెచ్‌టీటీపీఎస్‌లో ఆ పేరు ముందే చెప్పే ఎస్‌ఎన్‌ఐ పద్ధతి 2003లో వచ్చింది. ఈ రెండూ ఉండబట్టే ఒక్క ఐపీ మీద ఎన్ని సైట్లయినా నడుస్తున్నాయి.

"క్యాడీ ఉంది, ఇంజిన్‌ఎక్స్ ప్రాక్సీ మేనేజర్ ఉంది, రెండు క్లిక్‌లతో అయిపోయేదానికి చేత్తో రాయడమెందుకు?" అంటారా? నాకు వాటి మీద కోపం లేదు. క్యాడీ సర్టిఫికెట్ కూడా తనే తెచ్చుకుంటుంది, రెన్యూ చేసుకుంటుంది. వాడండి. కానీ ఒక్కసారైనా ఇంజిన్‌ఎక్స్ కాన్ఫిగ్ చేత్తో రాశాకే వాడండి. రాస్తే పది, ఇరవై లైన్లు. అందులో సర్వర్ నేమ్, ప్రాక్సీ పాస్ అన్నవి ఎవరైనా కాపీ కొట్టగలరు. మిగతావే మీకు పాఠం చెప్తాయి.

మొదటిది, ఫోన్ నుంచి ఫోటో అప్‌లోడ్ చేస్తే 413 ఎర్రర్. ఇంజిన్‌ఎక్స్ డీఫాల్ట్‌గా 1 ఎంబీ దాటిన అప్‌లోడ్‌ని ఒప్పుకోదు. ఇప్పటి ఫోన్ కెమెరా ఫోటోకే అది చాలదు, ఇక వీడియో సంగతి చెప్పక్కర్లేదు. క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్ పెంచాలి. రెండోది, పేజీ వస్తుంది కానీ లైవ్ అప్‌డేట్స్ రావు. వెబ్‌సాకెట్ కోసం అప్‌గ్రేడ్ హెడర్ పంపకపోతే అంతే. మూడోది 502. ప్రాక్సీ బానే ఉంది, వెనకున్న యాప్ పడిపోయింది లేదా పోర్ట్ నంబర్ తేడాగా ఉంది. ఇవి తెలిసినవాడు లాగ్ చూసి ఐదు నిమిషాల్లో తేలుస్తాడు. తెలియనివాడు మొత్తం రీఇన్‌స్టాల్ చేస్తాడు.

ఇంకొకటుంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. పేరు లేకుండా నేరుగా మీ ఐపీకి ఎవరైనా వస్తే? మీరు డీఫాల్ట్ సర్వర్ అని చెప్పకపోతే, ఇంజిన్‌ఎక్స్ ఆ పోర్ట్‌కి రాసిన మొదటి సర్వర్ బ్లాక్‌ని చూపిస్తుంది. అది మీ ఫోటోల లాగిన్ పేజీ కావచ్చు. అందుకే ఏ పేరుకీ సరిపడని రిక్వెస్ట్‌కి 444 ఇచ్చి కనెక్షన్ కట్ చేసే బ్లాక్ ఒకటి ముందే రాసిపెట్టండి. అలాగే వెనకున్న యాప్స్‌ని 127.0.0.1కే కట్టేయండి. డాకర్‌లో పోర్ట్ నంబర్ మాత్రమే ఇస్తే అది అన్ని నెట్‌వర్క్‌లకూ తెరుచుకుంటుంది, యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ రూల్స్‌ని కూడా దాటేస్తుంది. క్లౌడ్ వీపీఎస్ మీద ఇలా వదిలేస్తే, వాచ్‌మన్‌ని పెట్టుకుని వెనక గోడ పడగొట్టినట్టే.

అయితే వాచ్‌మన్ తాళం కాదు. యాప్‌లో బగ్ ఉంటే, చక్కగా ఎన్‌క్రిప్ట్ అయిన దారిలోనే దొంగ కూడా వస్తాడు. సబ్‌డొమైన్‌కి విచిత్రమైన పేరు పెట్టి దాచేశామనుకోవద్దు. ఆ పేరు మీద సర్టిఫికెట్ తీసుకుంటే అది పబ్లిక్ లాగ్‌లలో అందరికీ కనిపిస్తుంది. మీరొక్కరే వాడే యాప్ అయితే అసలు బయటికి తెరవకండి, వైర్‌గార్డ్ వీపీఎన్ చాలు. ఇంట్లోవాళ్లకీ ఫ్రెండ్స్‌కీ లింక్ ఇవ్వాల్సినవే ప్రాక్సీ వెనక పెట్టండి, అప్‌డేట్లు ఆపకండి.

మన బ్రాడ్‌బ్యాండ్‌లతో ఇంకో చిక్కు, సీజీనాట్. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీకు సొంత పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్ లేనట్టే, పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా పనిచేయదు. అప్పుడు చిన్న వీపీఎస్ తీసుకుని ప్రాక్సీ అక్కడ పెట్టి, ఇంటికి వైర్‌గార్డ్ టనెల్ వేయడం ఒక దారి. చూశారా, వేలు పోసి కొన్న మినీ పీసీ ఈ సమస్య తీర్చదు.

ఈ వీకెండ్ పాత ల్యాప్‌టాప్ ఒకటి దుమ్ము దులపండి. లినక్స్ వేసి, రెండు యాప్స్, రెండు సర్వర్ బ్లాక్‌లు రాయండి. డొమైన్ కూడా కొనక్కర్లేదు, మీ కంప్యూటర్ హోస్ట్స్ ఫైల్‌లో రెండు పేర్లు రాసుకుంటే టెస్టింగ్‌కి చాలు. రెండు పేర్లకీ రెండు యాప్స్ వచ్చి, మూడో పేరుకి ఏమీ రాకపోతే మీకు విషయం అర్థమైనట్టే. ఏ బాక్స్ కొనాలన్నది అప్పుడు మాట్లాడుకుందాం.