ఉద్యోగానికి అడ్డుపడేది స్కూలు లెక్కలే!

బీటెక్ ఫైనలియర్‌లో నా మొదటి క్యాంపస్ డ్రైవ్. నెల రోజులు జావా, డేటా స్ట్రక్చర్స్ తెగ చదివి వెళ్లాను. ఆప్టిట్యూడ్ రౌండ్‌లో ఒక ప్రశ్న: ‘కారు వెళ్లేటప్పుడు గంటకు 60 కిలోమీటర్లు, అదే దారిలో తిరిగి వచ్చేటప్పుడు 40 కిలోమీటర్ల వేగంతో నడిచింది. సగటు వేగమెంత?’ ఠక్కున 50 అని పెట్టేశాను. తప్పు! అలాంటివి ఇంకెన్ని చేశానో... కోడింగ్ రౌండ్ జాబితాలో నా పేరే లేదు.

దూరం 120 కిలోమీటర్లు అనుకోండి. వెళ్లడానికి 2 గంటలు, రావడానికి 3 గంటలు. మొత్తం 240 కిలోమీటర్లకు 5 గంటలు. అంటే సగటు 48. ఇందులో ఇంజినీరింగ్ ఏముంది చెప్పండి? స్కూల్లో నేర్చుకున్నదే. కాకపోతే ఫార్ములా గుర్తుపెట్టుకుని అర్థాన్ని వదిలేశాం.

సర్కారు కొలువైనా ఇదే కథ. ఎస్ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో 100 ప్రశ్నలకు 60 నిమిషాలు. అందులో 25 లెక్కలే. ప్రశ్నకు సగటున 36 సెకన్లు. అందుకే చాలామంది షార్ట్‌కట్లు బట్టీ పడుతున్నారు. అసలు చిక్కు అక్కడే వస్తోంది.

ఒకరు 10 రోజుల్లో, మరొకరు 15 రోజుల్లో చేసే పనిని ఇద్దరూ కలిసి ఎన్ని రోజుల్లో చేస్తారు? లబ్ధాన్ని మొత్తంతో భాగిస్తే 6. ట్రిక్ బాగానే పనిచేసింది. అదే పనిని 30 రోజుల్లో చేసే మూడో వ్యక్తి కూడా చేరితే? ఆ ట్రిక్ చేతులెత్తేస్తుంది. పనిని 30 భాగాలు అనుకుని చూడండి. రోజుకు ఒకరు 3, ఒకరు 2, ఇంకొకరు 1. కలిపి 6 భాగాలు, 5 రోజులు. అర్థం తెలిస్తే ప్రశ్న ఎలా తిప్పి అడిగినా భయం లేదు. షార్ట్‌కట్లు వద్దనడం లేదు. అర్థమయ్యాక వాడండి, అంతే.

ఈ లెక్కలు పరీక్షతోనే అయిపోవు. 8 అంగుళాల పిజ్జాలు రెండు కొనాలా, 12 అంగుళాలది ఒకటా? వ్యాసార్థాల వర్గాలు చూస్తే రెండు చిన్నవీ కలిపి 32, పెద్దది ఒక్కటే 36.

మీకు ఇంకా దగ్గరి విషయం చెప్తాను. ఒక కాలేజీలో అయిదుగురికి నెలకు 20 వేలు, 20 వేలు, 25 వేలు, 25 వేలు, 1.6 లక్షల జీతాలు వచ్చాయనుకుందాం. సగటు జీతం 50 వేలని బ్రోచర్‌లో వేస్తారు. అది అబద్ధం కాదు. కానీ నలుగురికి అందులో సగమో, అంతకన్నా తక్కువో వస్తోంది. జీతాలను వరుసలో పెడితే మధ్యలో ఉండేది, అంటే మధ్యగతం, 25 వేలే. ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల కోసం కాలేజీల నుంచి మీడియన్ జీతం అడిగేది ఊరికే కాదు.

మరి ఏం చేయాలి? 7 నుంచి 10వ తరగతి వరకు గణితం పుస్తకాలు ముందేసుకోండి. ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకాలు నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. శాతాలు, నిష్పత్తులతో మొదలుపెట్టి సమీకరణాలు, వైశాల్యాలు, సగటు-మధ్యగతం దాకా రోజుకో అరగంట చేయండి. తప్పు చేసిన ప్రతి లెక్క పక్కన ఎందుకు తప్పిందో ఒక్క వాక్యం రాసుకోండి. పరీక్ష ముందురోజు ఆ నోట్సు తిరగేస్తే చాలు.

బీటెక్ చదివి మళ్లీ ఏడో తరగతి పుస్తకమా అని సిగ్గుపడకండి. నేనూ అలా సిగ్గుపడే ఒక డ్రైవ్ పోగొట్టుకున్నాను. మీరైనా ఈ సాయంత్రమే ఆ అట్ట తెరవండి.