పన్నెండు నుంచి మూడు దాకా

తెలంగాణ రాష్ట్ర కార్మిక శాఖ కమిషనర్ గారికి,

నేను హైదరాబాద్‌లో భవన నిర్మాణంలో పనిచేసే సైట్ ఇంజినీరును. ఎండ గురించి మా వృత్తిలో రాసిపెట్టిన నియమాలు చాలానే ఉన్నాయి. అన్నీ కాంక్రీటు కోసమే. ఐఎస్ 7861 అనే ప్రమాణం 1975 నుంచీ ఉంది. గాలిలో వేడి 40 డిగ్రీలు దాటితే కాంక్రీటు పని మామూలు పద్ధతిలో చేయకూడదని, ప్రత్యేకంగా జాగ్రత్త పడాలని అందులో ఉంది. దాని ప్రకారమే నడుచుకుంటాం. ఏప్రిల్, మే నెలల్లో స్లాబు తెల్లవారుజామునే మొదలుపెడతాం, వీలుకాకపోతే రాత్రికి పెట్టుకుంటాం. కంకర కుప్పల మీద నీళ్లు చల్లిస్తాం. రెడీమిక్స్ వాళ్లను నీళ్లలో ఐసు వేయమంటాం. పోత అయ్యాక తడిపిన గోనె సంచులు కప్పి, ఆరిపోకుండా కనీసం పది రోజులు కాపలా కాస్తాం.

అదే స్లాబు మీద పోతకు ముందు రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు బార్ బెండర్లు కూర్చుని ఉంటారు. కింద ఇనుప సెంట్రింగ్ పలకలు, చుట్టూ ఇనుప కడ్డీలు, పైన సూర్యుడు. కడ్డీ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది కాబట్టి అరచేతులకు పాత గుడ్డలు చుట్టుకుని బైండింగ్ వైరు తిప్పుతుంటారు. వాళ్ల కోసం ఎన్ని డిగ్రీల దగ్గర పని ఆపాలో చెప్పే కాగితం నా దగ్గర లేదు. అందుకే మీకు రాస్తున్నాను.

అడిగేది ఒక్కటే. ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆరుబయట కూలి పని చేయించకూడదని, ఆ మూడు గంటలకు కూలి కోయకూడదని ఉత్తర్వు ఇవ్వండి. సలహా వద్దు, ఉత్తర్వు కావాలి.

ఇది ఎక్కడా లేని కోరిక కాదు. కేరళలో మీ హోదాలో ఉన్న అధికారి దాదాపు ఏటా ఇదే పని చేస్తారు. అక్కడి కనీస వేతనాల నిబంధనలను ఆధారం చేసుకుని పన్నెండు నుంచి మూడు దాకా విశ్రాంతి ఇప్పిస్తారు. ఎనిమిది గంటల పనిని ఉదయం ఏడు, సాయంత్రం ఏడు మధ్యలో సర్దుకోవాలి. కేరళ ఎండ ఎంతటిదో, రామగుండం, కొత్తగూడెం, నల్లగొండ ఎండ ఎంతటిదో మీకు నేను చెప్పనక్కర్లేదు.

కేరళ మాట పక్కన పెట్టినా, మన కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వాళ్లకు ఈ నియమం బాగా తెలుసు. గల్ఫ్‌లో చూశారు. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఆరుబయట పని నిషిద్ధం. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా పదకొండు నుంచి నాలుగు వరకు. దుబాయ్‌లో పన్నెండున్నర నుంచి మూడు వరకు. ఖతార్ 2021లో ఇంకో మెట్టు ఎక్కింది. గాలి వేడినే కాకుండా ఉక్క, ఎండ, గాలి విసురు కూడా కలిపి కొలిచే సూచిక ఒకటి ఉంది, వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్ అంటారు. అది 32.1 దాటితే ఏ వేళైనా, ఏ నెలైనా పని ఆపాల్సిందే. గల్ఫ్‌లో కూలీల బతుకు బాగుందని నేను అనడం లేదు. అక్కడి నుంచి ఎన్ని శవపేటికలు శంషాబాద్‌లో దిగుతాయో ఈ రాష్ట్రంలో అందరికీ తెలుసు. కానీ దోహాలో పదేళ్లు షట్టరింగ్ పని చేసి వచ్చిన మనిషి నానక్‌రామ్‌గూడలో అదే పనికి కుదిరినప్పుడు, అక్కడ కాగితం మీదైనా ఉన్న హక్కు ఇక్కడ కాగితం మీద కూడా లేదని తెలుసుకుంటాడు. పరాయి దేశంలో ఉన్న రక్షణ సొంత రాష్ట్రంలో ఎందుకు లేదని అడిగితే ఏం చెప్పాలి?

మన దగ్గర ఉన్నవి హెచ్చరికలు. పదకొండు నుంచి నాలుగు దాకా అత్యవసరమైతే తప్ప బయటికి రావద్దని ఫోన్‌లో సందేశం వస్తుంది. రావాలో వద్దో నిర్ణయించుకునే వీలున్నవాళ్లకు అది పనికొస్తుంది. కూలీ ఆ సందేశాన్ని పరంజా మీద నిలబడి చదువుకుంటాడు. మార్చి 15 వచ్చేసరికి బడులను ఒంటిపూటకు మార్చే సంప్రదాయం మనకు ఎప్పటి నుంచో ఉంది. (పిల్లలను సరిగ్గా పన్నెండున్నరకు రోడ్డు మీదికి వదలడంలోని తెలివి నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు, కానీ అది విద్యాశాఖకు రాయాల్సిన ఉత్తరం.) 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చారు. పైకప్పు వేడెక్కకుండా ఏం చేయాలో అందులో ఉంది, ఆ పైకప్పు వేసేవాడి గురించి లేదు.

ఇక పరిహారం సంగతి. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తామంది. అంతకు ముందు ఆపద్బంధు కింద ఇచ్చేది 50 వేలు. మంచి నిర్ణయం, సందేహం లేదు. కానీ ఆ డబ్బు రావాలంటే తహసీల్దారు, ఎస్సై, ప్రభుత్వ వైద్యుడు కలిసి అది వడదెబ్బ చావేనని తేల్చాలి, పోస్టుమార్టం జరగాలి. సైట్‌లో కుప్పకూలిన మనిషికి ముందుగా పడే పేరు గుండెపోటు. కాంట్రాక్టరుకు అది సౌకర్యం, ఆసుపత్రికి సులువు. ఇంటివాళ్లకేమో చీకటి పడేలోపు శవాన్ని ఊరు చేర్చాలన్న ఆత్రం. ఆ ఊరు మహబూబ్‌నగర్ దగ్గర కావచ్చు, ఒడిశాలో బలాంగీర్ దగ్గర కావచ్చు. 2003 వేసవిలో ఉమ్మడి రాష్ట్రంలో 3,000 మందికి పైగా, 2015లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 1,500 మందికి పైగా వడదెబ్బకు పోయారని సర్కారు లెక్కలే చెప్పాయి. ఇలా గుండెపోటు కింద జమైనవాళ్లు ఆ లెక్కల్లో ఉండరు.

మీరు ఉత్తర్వు ఇస్తే బిల్డర్లు ఏమంటారో నాకు తెలుసు. గడువులు తప్పుతాయంటారు, రెరాకు జవాబు చెప్పుకోవాలంటారు. రోజూ చూసేవాడిగా చెబుతున్నాను, మే నెలలో ఒంటిగంట తర్వాత జరిగే పనికి కూలి దండగే. మనుషులు నీళ్ల డ్రమ్ము దగ్గరికీ పనికీ మధ్య తిరుగుతుంటారు, కొలతలు తప్పుతాయి, కట్టిన గోడ మర్నాడు విప్పించాల్సి వస్తుంది. నష్టం వాళ్లు చెప్పేంత ఉండదు. ఇంకో మాట. ఈ బిల్డర్లలో చాలామంది కర్తరిలో భూమిపూజ చేయరు. మే మొదటి వారంలో కర్తరి పట్టిందంటే ఇల్లు మొదలుపెట్టకూడదు, మట్టి తవ్వకూడదు, చెట్టు కొట్టకూడదు అని పంచాంగం చెబుతుంది, వాళ్లు శ్రద్ధగా పాటిస్తారు. ముహూర్తం కోసం నెలాఖరు దాకా ఆగగలిగినవాళ్లు, మొదలైపోయిన సైట్‌లో రోజుకు మూడు గంటలు ఆగలేరా?

అయితే కేరళ ఉత్తర్వును తెలుగులోకి దించి సంతకం పెడితే సరిపోదు. ఇక్కడే మీ శాఖ కాస్త కష్టపడాలి.

ఏడింటికి పని మొదలవ్వాలంటే కూలీ ఇంటి నుంచి ఎప్పుడు బయల్దేరాలి? అడ్డా మీద కూలీని మాట్లాడుకునేది ఎనిమిదికి. వాళ్లలో చాలామంది ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం, షాద్‌నగర్ వైపు నుంచి వస్తారు. ఏడింటి పనికి ఐదింటికే బస్సు పట్టాలి. ఐదింటి బస్సు కోసం ఆడమనిషి మూడున్నరకు లేచి వండాలి. మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడవాళ్లకు బస్సు చార్జీ బాధ పోయింది గానీ, ఆ వేళకు బస్సు ఉండాలి కదా. సాయంత్రం ఏడుకు పని అయితే ఇల్లు చేరేసరికి తొమ్మిది. మధ్యలో మూడు గంటలు ఖాళీ, ఇంటికి పోయి రాలేనంత దూరం. అంటే పేరుకు విశ్రాంతి, లెక్కకు పదహారు గంటలు ఇంటికి దూరం. అందుకే దూరం నుంచి వచ్చే కూలీలకు ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా ఒకే పూట పని పెట్టి, రోజు కూలి పూర్తిగా ఇప్పించే పద్ధతి కూడా ఉత్తర్వులో ఉండాలని నా అభిప్రాయం. దానికి ఆర్టీసీతో ముందే మాట్లాడాలి. ఎండాకాలం రెండు నెలలు అడ్డాల మీదుగా పోయే తొలి సర్వీసులను ముందుకు జరిపితే చాలు, కొత్త బస్సులు కొననక్కర్లేదు. పక్కనే ఇంజను సెగ తగులుతూ మధ్యాహ్నమంతా బండి నడిపే డ్రైవర్‌కు కూడా పనివేళల మార్పు అవసరమేనని ఆ సమావేశంలో ఎవరైనా గుర్తుచేస్తే ఇంకా మంచిది.

సైట్‌లోనే ఉండే కూలీల సంగతి వేరు. ఒడిశా, బిహార్, జార్ఖండ్, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు రేకుల షెడ్లలో ఉంటారు. మధ్యాహ్నం రెండింటికి ఆ షెడ్డులో పడుకోమనడం కంటే ఎండలో నిలబెట్టడమే నయం. మరి విశ్రాంతి ఎక్కడ? ప్రతి పెద్ద భవనానికీ సెల్లార్ ఉంటుంది, ముందు పూర్తయ్యేది అదే. నిర్మాణం జరిగినంత కాలం దాన్ని సిమెంటు బస్తాలతో, పాత చెక్కలతో నింపుతాం. అందులో ఒక మూల ఖాళీ చేయించి, ఊరిన నీళ్లు తోడించి, రెండు పెద్ద ఫ్యాన్లు, తాగునీళ్లు పెడితే ఊళ్లో అంత చల్లటి చోటు ఇంకోటి దొరకదు. దీనికి కావాల్సింది డబ్బు కాదు, తనిఖీకి వచ్చినప్పుడు మీ అధికారి ఆ మెట్లు దిగి చూడటం. మరుగుదొడ్డి కూడా చూడమనండి. అది సరిగా లేని సైట్లలో ఆడవాళ్లు పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా బిగబట్టుకుంటారు. మజ్జిగ ప్యాకెట్లు ఎన్ని పంచినా వాళ్ల గొంతు దిగవు.

గుత్తకు పనిచేసేవాళ్లది మరో చిక్కు. అడుగుకు ఇంత అని మాట్లాడుకున్నవాడు, వద్దన్నా పన్నెండింటికి తాపీ పట్టుకుంటాడు. ఆపితే నష్టం అతనిదే. అందుకే నిషేధం కూలీ ఇష్టానికి వదిలేది కాకూడదు, సైట్ యజమానిని కట్టడి చేసేది కావాలి. పోయిన సంపాదనను కొంతైనా పూడ్చాలి. నిర్మాణ వ్యయంలో 1 శాతం చొప్పున వసూలయ్యే సెస్సు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుకు చేరుతోంది. గుజరాత్‌లో పుట్టిన ‘సేవా’ సంఘం ఎండ ఒక హద్దు దాటినప్పుడు తన సభ్యురాళ్ల ఖాతాల్లో నేరుగా కొంత డబ్బు పడే బీమాను నడిపి చూపించింది. 2024లో వేల మందికి ఆ డబ్బు అందింది. ఆడకూలీల సంఘం చేయగలిగినది ప్రభుత్వ బోర్డు చేయలేదంటే నమ్మడం కష్టం.

డెలివరీ పిల్లల గురించి ఒక మాట, వాళ్లు నా రంగం కాకపోయినా. ఎండకు జంకి మనం బయటికి పోకుండా బిర్యానీ ఇంటికి తెప్పించుకుంటాం, కాబట్టి ఎండ ముదిరేకొద్దీ వాళ్లకు ఆర్డర్లు పెరుగుతాయి. వాళ్లకు ఎక్కువ డబ్బు వచ్చే వేళ కూడా అదే. ఆ మూడు గంటలు మూసేయమంటే వాళ్లే మీ మీదికి వస్తారు. వాళ్లకు కావాల్సింది హోటల్ ముందు నీడ, ఆలస్యానికి కోత లేకపోవడం, ఆ వేళకు అదనపు రేటు. వేరే ఉత్తర్వుగా ఇవ్వండి, ఇందులో కలపకండి.

మీ అధికారం మీద ఎవరికైనా సందేహం ఉంటే, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో గాలి, ఉష్ణోగ్రత, తేమ అనే మాటలు యజమాని చూసుకోవాల్సిన వాటి జాబితాలో ఉన్నాయి. దాని కింద పనివేళలకు రాష్ట్రం పెట్టే నియమాల్లో ఈ పన్నెండు నుంచి మూడును చేర్చవచ్చు. అంకె ఎక్కడ పెట్టాలన్నది మాత్రం జాగ్రత్త. వాతావరణ శాఖ చెప్పే 42 డిగ్రీలు నీడలో, గాలి ఆడే చెక్కపెట్టెలో కొలిచినవి. స్లాబు మీద నీడ లేదు. అలాగే 38 ఉన్నా ఉక్కపోసే రోజు 42 కంటే ప్రమాదం. డిగ్రీల కోసం ఎదురుచూడకుండా నెలలను, గంటలను పట్టుకోవడమే తేలిక. కేరళ చేసేది అదే. ఖతార్ సూచిక లాంటిది కొన్నేళ్లకు పెద్ద సైట్లలో పెట్టవచ్చు, ముందు గడియారంతో మొదలుపెట్టండి.

ఒంటిపూట బడుల ఉత్తర్వుతో పాటే ఇదీ రావాలి, మే నెలలో వస్తే సగం ఎండాకాలం పోయినట్టే. ప్రతి సైట్‌లో బోర్డు పెట్టించండి, తెలుగుతో పాటు ఒడియా, హిందీల్లో, ఫిర్యాదు చేయాల్సిన ఫోన్ నంబరుతో సహా. ఆ బోర్డును గేటు దగ్గర వద్దు, కూలీలు పైకెక్కే హాయిస్ట్ పక్కన పెట్టమనండి. గేటు దగ్గర బోర్డులు చదివేది ఫ్లాట్లు కొనడానికి వచ్చేవాళ్లు.

ఇట్లు,
ఒక సైట్ ఇంజినీరు,
హైదరాబాద్