మీ మాట వెనకాల ఏం మోగుతోంది?

వీడియో తీయడానికి అరగంట. ఎడిటింగ్‌కి రెండు గంటలు. దాని వెనకాల మ్యూజిక్ వెతకడానికి మాత్రం తెల్లారిపోతుంది! కొత్తగా ఛానల్ పెట్టినవాళ్లు ఎవర్ని కదిపినా ఇదే గోల. 'ఇప్పుడు ఏ బీజీఎం ట్రెండింగ్‌లో ఉంది?' అని అడుగుతారు. ఆ ప్రశ్నలో తప్పేం లేదు గానీ, దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది. ఈ వీడియోలో జనం వినాల్సింది ఏంటి? మీ మాటా, పోపు చిటపటా, బండి మోతా? అది తేలితే మ్యూజిక్ సగం దొరికినట్టే.

లోఫై సంగతే చూడండి. చదువుకునే వీడియో, గది సర్దుకునే వ్లాగ్, కిటికీ బయట వర్షం... ఏది తెరిచినా అదే వినిపిస్తోంది. నిమిషానికి 70 నుంచి 90 బీట్ల మధ్య నింపాదిగా నడిచే డ్రమ్స్, కాస్త మసకబారినట్టుండే పియానో, పాత గ్రామఫోన్ రికార్డు మీద ముల్లు గీసుకుంటున్నట్టు చిన్న చప్పుడు. అమెరికాకి చెందిన జే డిల్లా, జపాన్‌కి చెందిన నుజాబెస్‌లను ఈ బాణీకి పెద్దదిక్కుగా చెప్పుకుంటారు. తమాషా ఏంటంటే ఇద్దరూ పుట్టింది ఒకే రోజు, 1974 ఫిబ్రవరి 7న. లోఫై ఇంతగా పాకిపోవడానికి పెద్ద రహస్యమేం లేదు. అందులో ఎక్కువగా పాట ఉండదు, ఉన్నట్టుండి పెరిగి తగ్గడం ఉండదు, మన గొంతుకి అడ్డం రాదు. చదువు, ఉద్యోగం, డైరీ తరహా కబుర్లకి హాయిగా వాడుకోవచ్చు. అదే లోఫైని క్రికెట్ మ్యాచ్ ముచ్చట్ల వెనకాల పెట్టారనుకోండి, సిక్సర్ దగ్గర కూడా ఆవలింతే వస్తుంది.

బైకులు, జిమ్ వాళ్లది వేరే లోకం. అక్కడ ఫోంక్‌దే రాజ్యం. దీని మూలాలు 1990ల నాటి మెంఫిస్ నగరపు ర్యాప్ క్యాసెట్లలో ఉన్నాయి. టకటకమని మోగే ఆ కౌబెల్, పేరు ప్రకారం చూస్తే, ఆవు మెడలో గంటే! అది మెంఫిస్ మీదుగా మన రాయల్ ఎన్‌ఫీల్డ్ రీళ్ల దాకా వచ్చింది. బాగానే ఉంటుంది. కాకపోతే ఒక చిక్కు. హెడ్‌ఫోన్స్‌లో ఎడిట్ చేస్తున్నప్పుడు గుండెలదిరేలా వినిపించిన బేస్, ఫోన్ స్పీకర్‌లో దాదాపు మాయమైపోతుంది. అంత చిన్న స్పీకర్ ఆ లోతైన శబ్దాల్ని పలికించలేదు. మిగిలేది చిటచిటమనే హైహ్యాట్, ఆ గంట. ట్రాప్‌కీ ఇదే తిప్పలు. మీ వీడియో చూసేవాళ్లలో చాలామంది బస్సులోనో, వంటింట్లోనో ఫోన్ స్పీకర్ మీదే వింటారు. అందుకని ఎక్స్‌పోర్ట్ కొట్టేముందు ఇయర్‌ఫోన్స్ తీసేసి, ఫ్యాన్ వేసుకుని, ఫోన్‌ని బల్ల మీద పెట్టి ఒకసారి వినండి.

మాట ఉన్న వీడియోకి ఇంకో లెక్క ఉంది. మీరు తెలుగులో చెబుతుంటే వెనక తెలుగు పాట నడుస్తోందంటే, ఇద్దరు మనుషులు ఒకేసారి మాట్లాడుతున్నట్టు. వినేవాడి బుర్ర దేన్నీ పూర్తిగా పట్టుకోలేదు. పాట తీసేసి వయొలిన్ సోలోనో, వేణువో పెట్టినా కొంత ఇబ్బందే, ఎందుకంటే వాటి స్వరాలు మన గొంతు తిరిగే ఎత్తులోనే తిరుగుతాయి. వెనక సాదా గిటార్ తీగలో, సాగదీసిన ప్యాడ్ శబ్దాలో ఉంటే మాట పైకి తేలుతుంది. వాల్యూమ్ విషయానికొస్తే, మాట కన్నా మ్యూజిక్ సుమారు 18, 20 డెసిబెళ్లు కిందుంటే చాలు. ఈ అంకెలు గుర్తుండకపోతే ఇలా చేయండి: మ్యూజిక్ 'బాగా వినిపిస్తోంది' అనిపించే చోటి నుంచి సగానికి తగ్గించి, ఇంకాస్త తగ్గించండి. కైన్‌మాస్టర్ లాంటి యాప్‌లలో డకింగ్ అని ఒకటుంటుంది, మీరు మాట్లాడగానే మ్యూజిక్‌ని అదే కిందికి దించుతుంది. దాన్ని వాడేవాళ్లు ఎందుకో తక్కువ.

ఇక వంటలు, పల్లెటూరి వీడియోలు. నా అసలు గొడవ ఇక్కడే. అమ్మమ్మ రోట్లో గోంగూర నూరుతుంటుంది, వెనక యుకులేలే, ఈల, చప్పట్లు! స్టాక్ మ్యూజిక్ సైట్లలో 'హ్యాపీ' అని కొడితే మొదట వచ్చే సరుకు అదే. టూత్‌పేస్ట్ ప్రకటనకీ అదే, ఇన్సూరెన్స్ యాప్‌కీ అదే, ఆ అమ్మమ్మకీ అదే. హవాయి దీవుల వాద్యం మీద నాకేం కోపం లేదు. కానీ రోకలి దెబ్బ, ఎండుమిరపకాయ నూనెలో పడ్డప్పటి చుయ్ మనే చప్పుడు, వెనక ఎక్కడో కోడి... వీటికోసమే కదా జనం ఆ వీడియో తెరిచింది? వాటిని మ్యూజిక్‌తో కప్పేస్తే ఇక మిగిలేదేంటి? ఆస్ట్రేలియా నుంచి వచ్చే 'ప్రిమిటివ్ టెక్నాలజీ' ఛానల్ చూడండి. 2015లో మొదలైంది. ఒక మనిషి అడవిలో మట్టి తొక్కుతాడు, గుడిసె కడతాడు, నిప్పు రాజేస్తాడు. మాట లేదు, మ్యూజిక్ లేదు. కోట్ల మంది చూశారు. ఏమీ పెట్టకపోవడం కూడా ఒక ఛాయిసే! కనీసం పోపు పడే 10 సెకన్లయినా మ్యూజిక్ ఆపి చూడండి.

ఇంకో రకం వీడియోలున్నాయి. వాటి గురించి రాయాలా వద్దా అని ఆలోచించాను. రోడ్డు పక్కన ఉండే ముసలాయనకి బిర్యానీ పొట్లం ఇస్తారు, స్లో మోషన్ వేస్తారు, వెనక ఏడుపు పియానో, దానికి తోడు వయొలిన్లు. ఆయన నిజానికి నవ్వుతూ ఏదో జోకేస్తున్నాడేమో, మనకి తెలీదు. ఆయన మాట తీసేసి ఆ పియానో పెట్టారు కాబట్టి మనం 'అయ్యో పాపం' అనుకుంటాం. బీజీఎం చేసే పని ఇదే. తెర మీద ఉన్న మనిషిని ఎలా చూడాలో, ఆ మనిషి నోరు తెరిచేలోపే చెప్పేస్తుంది. హారర్ ప్రాంక్‌కి అలా చేస్తే సరదాగా ఉంటుంది. ఎదురు చెప్పలేని మనిషి మీద చేస్తే అన్యాయం. అలాంటి వీడియోలో ఆయన మాటే ఉంచండి, మ్యూజిక్ అక్కర్లేదు.

టెక్ రివ్యూలకి 120 బీట్ల దగ్గర నడిచే ఎలక్ట్రానిక్, ట్రావెల్‌కి అకౌస్టిక్ గిటార్, కథలకి, క్రైమ్‌కి సన్నగా సాగే యాంబియంట్. ఇవి ఎలాగూ మీకు తెలిసినవే, సాగదీయను. సినిమా ట్రైలర్‌లా ఢమాల్ ఢమాల్ అనే 'ఎపిక్' మ్యూజిక్ మాత్రం ఫోన్ అన్‌బాక్సింగ్‌కి దయచేసి వద్దు. అది డబ్బా, బాహుబలి విగ్రహం కాదు.

జానర్ తేలింది సరే, ఫైల్ ఎక్కడిది? ఛానళ్లు దెబ్బతినేది ఇక్కడే. '5 సెకన్లే వాడా', 'డిస్క్రిప్షన్‌లో క్రెడిట్ ఇచ్చా' అనేవి చట్టంలో ఎక్కడా లేవు. యూట్యూబ్ 2007లో తెచ్చిన కంటెంట్ ఐడీ మీ వీడియోలో పాట ముక్కని దానంతటదే పట్టుకుంటుంది. అప్పుడు వచ్చేది క్లెయిమ్. సాధారణంగా మీ వీడియో ఉంటుంది, డబ్బు పాట ఓనర్‌కి పోతుంది. స్టూడియోలోకి వెళ్లి ఆ ముక్కని కత్తిరించొచ్చు, మ్యూట్ చేయొచ్చు, వేరేది పెట్టొచ్చు. స్ట్రైక్ వేరు. 90 రోజుల్లో మూడు పడితే ఛానలే పోవచ్చు. షార్ట్స్‌లో పాటల లైబ్రరీ ఉచితమే గానీ, ఒక పాట వాడితే ఆ షార్ట్ లెక్కకొచ్చే ఆదాయంలో సగం పాట హక్కులకే పోతుంది. ఇన్‌స్టాలో పచ్చళ్లో చీరలో అమ్మే బిజినెస్ అకౌంట్ అయితే సినిమా పాటలు చాలావరకు కనిపించవు. అది బగ్ కాదు. వ్యాపారానికి ఆ లైసెన్స్ వర్తించదు. మెటా వాళ్ల సౌండ్ కలెక్షన్, యూట్యూబ్ ఆడియో లైబ్రరీ ఉచితం, రెండిట్లోనూ అన్ని జానర్లూ ఉన్నాయి. ఆడియో లైబ్రరీలో కొన్నిటికి పేరు వేయాలని రాసుంటుంది. వేయండి.

'పాత పాటలకి హక్కులుండవు' అనేది ఇంకో అపోహ. మన చట్టం ప్రకారం రికార్డింగ్‌కి విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు, బాణీకి దాన్ని కట్టినవాళ్లు పోయాక 60 ఏళ్లు. ఘంటసాల కన్నుమూసింది 1974లో. అంటే ఆయన ఒక్కరే కట్టిన బాణీలకి 2034 చివరిదాకా హక్కులుంటాయి, రికార్డు ఎంత పాతదైనా సరే. త్యాగరాజ కీర్తన అందరిదీ. కానీ దాన్ని నిరుడు ఎవరో పాడి అప్‌లోడ్ చేసిన రికార్డింగ్ వాళ్లది.

అన్నీ సరిగ్గా ఉన్నా ఇబ్బంది రావచ్చు. 2022 జులైలో లోఫై గర్ల్ స్ట్రీమ్‌ని, అప్పటికే 20 వేల గంటలకు పైగా నడుస్తున్నదాన్ని, ఒక తప్పుడు కాపీరైట్ ఫిర్యాదు ఆపేసింది. అది తప్పని యూట్యూబ్ ఒప్పుకుని మళ్లీ తెరిచింది గానీ, ఆ పాత స్ట్రీమ్ మాత్రం అక్కడితో ఆగిపోయింది. కాబట్టి డౌన్‌లోడ్ చేసిన ప్రతి ట్రాక్‌కీ లైసెన్స్ పేజీ స్క్రీన్‌షాట్, తేదీ, లింకు ఒక ఫోల్డర్‌లో పడేయండి.

ఇంకో దారి ఉంది, ఎందుకో ఎవరూ పట్టించుకోరు. మీ ఊళ్లో డప్పు కొట్టేవాళ్లుంటారు. ఒగ్గు కథ, జముకు, ఈలపాట... ఏదో ఒకటి ఉంటుంది. 12 మెట్ల కిన్నెరతో మొగులయ్య 2022లో పద్మశ్రీ అందుకున్నాక ఆ పేరు అందరికీ తెలిసింది, ఆ చప్పుడు మాత్రం వీడియోల్లో ఇంకా అరుదే. ఫోన్‌కి 500 రూపాయల కాలర్ మైక్ తగిలించి, ఫ్యాను, టీవీ లేని గదిలో, మూడు నాలుగు నిమిషాల డప్పు దరువు రికార్డు చేసుకోండి. నింపాదిగా ఒకటి, జోరుగా ఒకటి. ఏడాది పాటు మీ ఛానల్‌కి సరిపోతుంది. ఏ కంటెంట్ ఐడీకీ దొరకదు, వినగానే ఇది ఫలానా వాళ్ల వీడియో అని జనం గుర్తుపడతారు. వాయించినాయనకి ముందే డబ్బివ్వండి. 'ఈ రికార్డింగ్‌ని నా వీడియోల్లో వాడుకోవడానికి ఒప్పుకున్నారు' అని రెండు లైన్లు రాసి చదివి వినిపించి సంతకం పెట్టించుకోండి. వీడియో కింద ఆయన పేరు, ఊరు వేయండి. ఫోన్ నంబరు మాత్రం ఆయన్ని అడిగాకే.