గాలిలో ఎగిరేదానికీ కాగితాలు కావాలి

పోయిన నెలలో హోసూరునుండి మా అక్క వచ్చింది. వెంట మేనల్లుడు కూడ వచ్చాడు. కాఫీలైన తరువాత అక్క చేతిసంచిలోనుండి చిన్న గుడ్డమూట తీసి నా ముందు పెట్టింది. విప్పి చూస్తే నాలుగు బంగారు గాజులు. మా అమ్మ పోయేముందు తనకిచ్చినవి.

“తమ్ముడూ, ఇవి కుదువ పెట్టి వీడికి డ్రోన్ కొనాలి. నీకు తెలిసిన బ్యాంకులో ఒక మాట చెప్పు” అన్నది.

వాడు ఒక ఫోటో స్టూడియోలో పనిచేస్తున్నాడు. ఈ రోజుల్లో పెండ్లివారు పందిరిని ఆకాశంమీదనుండి తీసి చూపించమంటున్నారు. సొంత యంత్రముంటే సొంత పని. కోరిక తప్పు కాదు. అయితే అమ్మజూపినవాడు, “లైసెన్సు గిసెన్సు ఏమీ అక్కరలేదు, ఇది ఆటబొమ్మవంటిది” అన్నాడట. బిల్లు అడిగితే తరువాత ఇస్తానన్నాడట. ఆ రెండవ మాట వినగానే నాకు అనుమానం పుట్టింది. ఇరవై ఏండ్లుగా ఫైళ్ళ మధ్య బ్రతుకుతున్నవాణ్ణి. బిల్లు లేని వస్తువు, సంతకం లేని కాగితం రెండూ నాకు ఒకటే.

“రెండు రోజులు ఆగండి” అని చెప్పి, ప్రభుత్వంవారి డ్రోన్ నిబంధనలు మొదటినుండి చివరిదాకా చదివాను. ఇవి 2021 ఆగస్టు 25న వెలువడినవి. తరువాత కొన్ని సవరణలు జరిగాయి. మనవాళ్ళ పిల్లలు ఎందరో ఈ పనిలోకి దిగుతున్నారు గనుక, తెలిసికొన్నంతవరకు ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదట చూడవలసినది బరువు. మోసే సామానుతో కలిపి 250 గ్రాములు మించనిది నానో. అక్కడినుండి 2 కిలోలవరకు మైక్రో. 25 కిలోలవరకు చిన్న తరగతి. పొలాలకు మందు చల్లేవి సాధారణంగా ఇందులోకి వస్తాయి. 150 కిలోలవరకు మధ్య తరగతి, ఆపైన పెద్దది. మావాడు చూసివచ్చినది ముప్పాతిక కిలో, అంటే మైక్రో.

రెండవది నడిపే మనిషి. నానోకు పైలెట్ సర్టిఫికేట్ అక్కరలేదు. మైక్రోను సరదాకు ఎగరవేసుకొంటే దానికీ అక్కరలేదు. కాని రూపాయి పుచ్చుకొని ఎగరవేస్తే కావాలి. అమ్మేవాడు చెప్పినది సగం నిజం, దాచినది రెండవ సగం. ఈ సర్టిఫికేటుకు పదవ తరగతి ప్యాసు కావాలి, వయస్సు 18కి తగ్గకూడదు, 65కు మించకూడదు. విమానయాన డైరెక్టరేటువారు అనుమతించిన సంస్థలో శిక్షణ పొంది పరీక్ష నెగ్గాలి. సర్టిఫికేటు రుసుము నూరు రూపాయలే. శిక్షణ ఖర్చు వేరు. ఒకసారి వస్తే పది సంవత్సరాలు చెల్లుతుంది.

మూడవది యంత్రానికి సంఖ్య. మోటారు బండికి నంబరు ఉన్నట్లే దీనికీ ఉండాలి. దాని రుసుమూ నూరు రూపాయలే. కాని ఈ సంఖ్య రావాలంటే ఆ రకం యంత్రానికి ముందుగా టైప్ సర్టిఫికేట్ ఉండాలి. నానోకు మాత్రం ఆ పట్టింపు లేదు. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. విదేశాలలో తయారైన డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9న నిషేధించారు. పరిశోధనకు, రక్షణకు, భద్రతకు మాత్రమే మినహాయింపు. బిల్లు లేకుండా చేతులు మారే విదేశీ సరుకుకు సంఖ్య ఎక్కడ వస్తుంది? గాజులూ పోతాయి, యంత్రమూ అక్కరకు రాదు.

నాలుగవది చోటు. డిజిటల్ స్కై అనే ప్రభుత్వ పటంలో దేశమంతా మూడు రంగులుగా ఉన్నది. పచ్చని చోట 400 అడుగుల ఎత్తువరకు అనుమతి అక్కరలేదు. విమానాశ్రయం హద్దుకు 8 మొదలు 12 కిలోమీటర్ల దూరంలో అయితే 200 అడుగులవరకే. అంతకన్న దగ్గరైతే అనుమతి లేనిదే నేలమీదనుండి ఒక్క అడుగు కూడ లేవరాదు. పసుపు రంగు చోట విమానాల రాకపోకలు నడిపేవారి అనుమతి కావాలి. ఎరుపు చోట కేంద్ర ప్రభుత్వం అనుమతిస్తేనే. బెంగుళూరు సంగతే చూడండి: హెచ్.ఎ.ఎల్., యలహంక, జక్కూరు, దేవనహళ్ళి ఇన్ని విమాన స్థలాలు చుట్టూ ఉన్నాయి. పెండ్లి మండపం ఏ రంగులో పడుతుందో ముహూర్తంనాడే కాదు, బయానా పుచ్చుకొనకముందే చూడాలి. పోలీసువారు అవసరాన్నిబట్టి ఒక చోటును 96 గంటలవరకు తాత్కాలికంగా ఎరుపు చేయవచ్చును. అందుచేత బయలుదేరేముందు మరొకమారు చూడాలి.

ఐదవది బీమా. నానో కానిదానికి ఇతరులకు కలిగే నష్టానికి బీమా ఉండి తీరాలి. ప్రమాదం జరిగితే 48 గంటలలోగా తెలియజేయాలి. నిబంధనలు మీరితే జుల్మానా లక్ష రూపాయలవరకు ఉండవచ్చును.

ఇదంతా చదివి వినిపిస్తే మేనల్లుడు ముఖం చిన్నబుచ్చుకొని, “ఎవరడుగుతారు మామా? అందరూ ఎగరేస్తూనే ఉన్నారు” అన్నాడు.

“అడిగేవారు లేనన్నాళ్ళు సరే. తిరిగే రెక్క పందిట్లో ఒక పసిబిడ్డ కంటికి తగిలిన రోజున అడుగుతారు. ఆనాడు నీ దగ్గర చూపించను ఏముంటుంది?” అన్నాను. వాడు మాట్లాడలేదు. అక్క మాత్రం గాజులవంక చూస్తూ కూర్చున్నది.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాము. రెండు గాజులు కుదువ పెట్టి వాడిని శిక్షణకు చేర్చాము. తక్కిన రెండూ అక్క చేతికే వెళ్ళాయి. సర్టిఫికేటు వచ్చాక, బిల్లుతో సంఖ్యతో దొరికే యంత్రం చూద్దాము. అంతవరకు సర్టిఫికేటు ఉన్నవారొకరి వద్ద సహాయకుడిగా వెళుతున్నాడు. కూలి తక్కువే, కాని పని వస్తున్నది. ఎగరవేసేముందు తీగలు, చెట్లు, గాలి చూడటం, జనం తలలమీదికి పోనివ్వకపోవటం అక్కడే నేర్చుకొంటున్నాడు.

ఇక పెండ్లి చేసే పెద్దలకు ఒక మనవి. వంటవాడిని, మేళంవారిని కుదుర్చుకొనేటప్పుడు పది ప్రశ్నలు అడుగుతాము. డ్రోన్ తెచ్చేవాడిని మూడు అడగండి: సర్టిఫికేటు ఉన్నదా, సంఖ్య ఉన్నదా, బీమా ఉన్నదా? మూడింటిలో ఏది లేకపోయినా ఫోటోలు నేలమీదనుండే తీయించండి. అక్షింతలు మాత్రమే తలలమీద పడటం మంచిది.