చెప్పడం కాదు, పెట్టాలి

పండ్లు, కూరగాయలు ఒంటికి మంచివని చెప్పని డాక్టరు లేడు. మనసుకూ మంచివేనా అంటే మాత్రం జవాబు అంత తేలిక కాదు. బాగా తినేవారు హుషారుగా ఉంటున్నారని చాలా సర్వేలు చెబుతాయి. కానీ రోజూ పండ్లు కొనగలిగినవాడికి చేతిలో డబ్బు, కాస్త తీరిక కూడా ఉంటాయి. దిగులుతో ఉన్నవాడికి తిండే సహించదు. ఏది కారణమో, ఏది ఫలితమో సర్వే తేల్చలేదు.

ఈ చిక్కు విప్పేందుకు న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో టామ్లిన్ కానర్ బృందం ఒక ప్రయోగం చేసింది. ఫలితాలు 2017లో ‘ప్లాస్ వన్’ పత్రికలో వచ్చాయి. పండ్లు, కూరగాయలు అంతంతమాత్రంగా తినే 18–25 ఏళ్లవారిని 171 మందిని తీసుకుని మూడు జట్లు చేశారు. మొదటి జట్టును దాని మానాన వదిలేశారు. రెండో జట్టుకు కొనుక్కోమని వోచర్ ఇచ్చి, తినమని ఫోన్లో గుర్తుచేస్తూ వచ్చారు. మూడో జట్టుకు క్యారెట్, యాపిల్, కివీ లేదా నారింజ వంటివి రోజుకు రెండు సర్వింగుల చొప్పున అదనంగా చేతికే అందించారు. 14 రోజులు తిరిగేసరికి ఉత్సాహం, చురుకుదనం, పనిమీద ఆసక్తి పెరిగింది మూడో జట్టులోనే. వోచరు, మెసేజీలు అందుకున్నవారిలో ఆ మేలు కనిపించలేదు.

దీన్ని ఉన్నదానికన్నా పెద్దది చేసి చెప్పకూడదు. దిగులు, ఆందోళన లక్షణాలు ఏ జట్టులోనూ చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఉచితంగా అందిన పండు ఇచ్చే సంతోషాన్నీ కొట్టిపారేయలేం. మెదడులో డోపమైన్ నార్‌ఎపినెఫ్రిన్‌గా మారడానికి విటమిన్ సి కావాలన్నది నిజమే. అంతమాత్రాన జామకాయ డిప్రెషన్‌కు మందు అయిపోదు. దానికి వైద్యుడు కావాలి, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ (14416) లాంటి ఆసరా కావాలి.

అయినా ఆ రెండో జట్టు సంగతి మనకు గట్టిగా తగలాలి. మనం చేస్తున్నదీ అదే కదా, చెప్పి ఊరుకోవడం! హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 కేలరీల భోజనానికి రోజూ 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలంది. అక్కడికి కొద్ది దూరంలోని అమీర్‌పేటలో ఒక మామూలు హాస్టల్ కంచం చూడండి: కుప్పగా అన్నం, నీళ్ల సాంబారు, పక్కన చెంచాడు బంగాళాదుంప వేపుడు. గరిటె అడుగంటా తిప్పితే ములక్కాడ ముక్క ఒకటి దొరికితే దొరుకుతుంది. పండు కావాలంటే బయట కొనుక్కోవాలి.

సరుకు లేక కాదు. ధర పడిపోయినప్పుడు టమాటాను రోడ్డుపక్కన పారబోసే రైతులు మనవాళ్లే. అనంతపురం అరటి, నల్లగొండ బత్తాయి మన నేల పంటలే. సీజన్‌లో ఒక అరటిపండు ఖరీదు కప్పు టీకి మించదు. లేనిదల్లా అడిగేవాళ్లు. కాలేజీలో చేర్చేటప్పుడు ర్యాంకుల గురించి, ఏసీ గురించి ఆరా తీసే తల్లిదండ్రులు మెస్‌లో ఏం పెడతారని అదే పట్టుదలతో అడగాలి. హాస్టల్ అనుమతికి గదుల లెక్క చూసే అధికారులు పండ్లు, కూరల లెక్కా చూడాలి.

రోజూ పండు పెట్టడం మన పిల్లల మనసు మీద పనిచేస్తుందా అన్న సందేహం న్యాయమైనదే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు చెరి కొన్ని హాస్టళ్లలో ఒక సెమిస్టర్ పాటు రోజూ పండు పెట్టి, తార్నాక శాస్త్రవేత్తల చేత ఫలితం కొలిపించవచ్చు. మేలు తేలితే అన్ని హాస్టళ్లకూ విస్తరించవచ్చు. మనసు సంగతి తేలకపోయినా, పిల్లలు ఆ కొన్ని నెలలూ మంచి తిండి తిన్నట్టే, నష్టమేమీ లేదు.